బొగ్గు బిల్లు గ్రామసభ ముందు పెట్టండి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ప్రాంతాల్లోని బల్క్ డ్రగ్ (మాత్రలకు కావలసిన ముడి మందు) ఫ్యాక్టరీల యజమానులకు, మేనేజర్లకు,

నమస్కారం.

నేను నక్కవాగు ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో పుట్టినవాణ్ణి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఈ ప్రాంతంలోనే రెండు ఫ్యాక్టరీల్లో కలిపి ఇరవై ఎనిమిదేళ్లు షిఫ్ట్ కెమిస్టుగా పనిచేశాను. మా ఇల్లు, పిల్లల చదువులు, అమ్మ ఆపరేషన్ అన్నీ ఆ జీతంతోనే గడిచాయి. ఫ్యాక్టరీలు మూసేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మందులు తయారుకావాలి, మా పిల్లలకు పనులు దొరకాలి. నేను అడుగుతున్నది లెక్క. మీ గేటు లోపలికి ఏం వస్తోంది, సరుకుగా ఏం బయటికి పోతోంది, మిగిలింది ఎక్కడ పడుతోంది? మీరు కొన్న బొగ్గు బిల్లుతో సహా ఈ లెక్కను మూడు నెలలకోసారి చుట్టుపక్కల ఊళ్ల ముందు పెట్టండి.

ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను.

నా చిన్నతనంలో ఎండాకాలం వాగు ఎండిపోతే అమ్మ ఇసుకలో చెలమ తీసేది. మోచేతి లోతు తవ్వితే నీళ్లు ఊరేవి. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోసి, కాసేపు ఆగి, తేరుకున్నాక ముంతతో కొంచెం కొంచెంగా బిందె నింపేది. ఆ నీళ్లే తాగి పెరిగాం. 1980ల మధ్యకు వచ్చేసరికి వాగు రంగు మారింది. ఒకరోజు డికాషన్‌లా, ఇంకోరోజు పసుపుపచ్చగా పారేది. బర్రెలు నీళ్ల దాకా పోయి మూతి పెట్టకుండా వెనక్కి తిరిగేవి. మా మూడెకరాల్లో వరి కొసలు ఎర్రబడి మాడిపోతుంటే నాయన తెగులు అనుకున్నాడు. అప్పు తెచ్చి రెండుసార్లు మందు కొట్టాడు. కొన్నేళ్లకు నేను ఉద్యోగంలో చేరాక, ఒకరోజు ల్యాబ్ నుంచి నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటర్ తెచ్చి మా బావి నీళ్లలో పెట్టాను. అంకె చూసి, ఇది తెగులు కాదు నాయనా, ఉప్పు అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఈ ఉప్పు ఎవరిదిరా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను అప్పుడు జవాబు చెప్పలేదు. జవాబు నా జేబులో ఉన్న ఐడీ కార్డు మీదే ఉంది.

ఆ పొలం అప్పటి నుంచి పడావు పడే ఉంది.

కోర్టుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఊళ్లకు తాగునీళ్లు ఇవ్వమని, రైతులకు పరిహారం కట్టమని ఆదేశాలు వచ్చాయి. కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. ఒక తరం రైతులు వాయిదాల తేదీలు గుర్తుపెట్టుకుంటూనే ముసలివాళ్లయ్యారు. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటూనే ఈ పోరాటాన్ని దశాబ్దాల పాటు మోసిన డాక్టర్ కిషన్ రావు గారి లాంటివాళ్లు లేకపోతే మాకు ఆ ట్యాంకర్ నీళ్లు కూడా వచ్చేవి కావు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కింద లెక్క.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక పరిశోధన. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర, శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీటిని వాళ్లు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకు దాదాపు 45 కిలోలు పోతోందని లెక్కగట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు అది. మన భాషలో చెప్పాలంటే 25 కిలోల ఫైబర్ డ్రమ్ములు దాదాపు రెండు. 500 మిల్లీగ్రాముల మాత్రలు చేస్తే 90 వేలు. అప్పట్లో నేను పనిచేసే ప్లాంటులో కూడా ఆ మందే తయారయ్యేది. డ్రమ్ము సీలు వేసేటప్పుడు పది గ్రాములు తేడా వస్తే మళ్లీ తూకం వేసేవాళ్లం. అంత జాగ్రత్తగా తూచే చోటి నుంచి రెండు డ్రమ్ముల సరుకు రోజూ వాగులోకి పోయింది. ఎవరి తూకం పుస్తకంలోనూ అది కనపడలేదు.

ఆ వాగు నీళ్లలో, మట్టిలో ఉండే సూక్ష్మక్రిములకు రోజూ యాంటీబయాటిక్ దొరికితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బలహీనమైనవి చచ్చిపోయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ మొండితనం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి పాకుతుంది. రేపు పసిబిడ్డకు ఇన్‌ఫెక్షన్ వస్తే మీరు తయారుచేసిన మందే పనిచేయదు. అది మా ఊరి దగ్గరే ఆగిపోయే సమస్య కూడా కాదు. 2009లో అదే పరిశోధకులు ఈ చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు ఉన్నాయని రాశారు. ఆ తర్వాత శుద్ధి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీటిని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. మా వాగుకు కొంత ఊరట దొరికిన మాట నిజం. ఆ నీళ్లు చివరికి చేరేది మూసీకి. మూసీ కింద గడ్డి, ఆకుకూరలు, వరి పండించే రైతులు మాలాంటివాళ్లే.

ఇప్పుడు చాలా యూనిట్ల బోర్డుల మీద జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అని ఉంటోంది. చుక్క నీరు బయటికి వదలం అని అర్థం. ఉప్పు ఎక్కువున్న మురుగును స్ట్రిప్పర్‌లో వేసి సాల్వెంట్ (మందు తయారీలో కరిగించడానికి వాడే ద్రవం) తీసి, మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌లో నీటిని ఆవిరి చేసి, మిగిలిన చిక్కటి ద్రావణాన్ని డ్రయ్యర్‌లో ఎండబెట్టి, ఆ ఉప్పును ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే దుండిగల్ డంప్‌కు పంపాలి. పద్ధతి మంచిదే. నిజంగా నడిపిస్తే.

నడిపించనప్పుడు ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒక వానాకాలం రాత్రి, సీ షిఫ్ట్. ఎఫ్లుయెంట్ (మురుగు) ట్యాంకు అంచు దాకా నిండింది. ఎవాపరేటర్ నాలుగు రోజులుగా రిపేర్‌లో ఉంది. సెంట్రిఫ్యూజ్ నుంచి మదర్ లిక్కర్, అంటే మందు వేరయ్యాక మిగిలే ద్రావణం, వస్తూనే ఉంది. బ్యాచ్ ఆపమంటారా అని ఫోన్ చేసి అడిగాను. "వాన గట్టిగా పడుతోంది కదా" అన్నారు అవతల నుంచి. అంతే. దానర్థం అక్కడున్న అందరికీ తెలుసు. వాల్వ్ నేను తిప్పలేదు. కానీ తెల్లవారి లాగ్‌బుక్‌లో తగ్గిన ట్యాంకు లెవెల్ పక్కన "ఈటీపీకి పంపడమైనది" అని, అంటే శుద్ధి ప్లాంటుకు పోయిందని, రాసింది నేనే. డ్యూటీ దిగి బస్సులో ఇంటికి పోతుంటే వాగు వంతెన మీద జనం నిలబడి కింద నురగ చూస్తున్నారు. వాళ్లలో మా నాయన ఉన్నాడు. నేను బస్సు దిగలేదు.

ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ ఒక్క లైను నేను రాయకుండా ఉండాల్సింది.

ఆ రాత్రి ఫోన్ ఎత్తిన మనిషి దుర్మార్గుడేం కాదు. నాతో బాగానే ఉండేవాడు, పండక్కి మా ఇంటికి కూడా వచ్చేవాడు. అతని మీద సరుకు పంపాల్సిన తేదీ టెన్షన్ ఉంది. అసలు తప్పు అంతకుముందే, ప్లాన్ వేసేటప్పుడే జరిగింది. రియాక్టర్లు పెంచుకుంటూ పోయారు, ఎవాపరేటర్ మాత్రం పాతదే. ఇంట్లో పొయ్యి ఎన్ని కుండలకు సరిపోతుందో చూసుకోకుండా పెళ్లి వంట ఒప్పుకున్నట్టు. ఎవాపరేటర్ రోజుకు ఎంత నీరు తీసుకోగలదో అంతకు సరిపడా బ్యాచ్‌లే తీయాలి. అది ఆగిన రోజు రియాక్టర్ కూడా ఆగాలి. నా దృష్టిలో నిలకడైన ఉత్పత్తి అంటే ముందు ఇదే. దీని తర్వాతే మొక్కలు నాటడం, స్కూలుకు బెంచీలు ఇవ్వడం, సీఎస్ఆర్ ఫొటోలు.

ఎవాపరేటర్ నడుస్తోందో లేదో ఊరివాళ్లకు ఎలా తెలుస్తుంది? అందుకే బొగ్గు బిల్లు అడుగుతున్నాను.

మరుగుతున్న లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. ఇది హైస్కూలు పిల్లల పాఠం. ఏ కంపెనీ, ఏ కన్సల్టెంటు దీన్ని మార్చలేరు. ఒక యూనిట్ రోజుకు 50 వేల లీటర్ల మురుగును ఆవిరి చేస్తున్నామని చెప్తే, ఒక దశ ఆవిరి వేడినే తర్వాతి దశలో వాడుకునే మూడు దశల ఎవాపరేటర్ అయినా సుమారు 20 టన్నుల స్టీమ్ కావాలి. అంటే బాయిలర్‌లో నాలుగు టన్నులకు అటూఇటూగా బొగ్గు కాలాలి. బొగ్గు కాకపోతే దానికి సమానమైన బ్రికెట్లో, పొట్టో. బిల్లులో అంత కనపడకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో చెప్పాలి. అలాగే అంత నీరు ఆవిరైతే అంత ఉప్పు మిగలాలి, ఆ ఉప్పు దుండిగల్‌కు పోయినట్టు వేబ్రిడ్జి చీటీలు ఉండాలి. మీ పైపు చివర పెట్టిన ఆన్‌లైన్ మీటర్లు కాలుష్య నియంత్రణ మండలి సర్వర్‌కు అంకెలు పంపుతాయి, నిజమే. మీటరుకు తన ముందు నుంచి పోయే నీళ్లే తెలుస్తాయి. రాత్రి ట్యాంకర్‌లో పోయేవి తెలియవు. బొగ్గు, స్టీమ్, ఉప్పు, కొన్న సాల్వెంట్, తిరిగి రాబట్టిన సాల్వెంట్, నీళ్ల బిల్లు, ఈ అరడజను అంకెలు ఒకదాన్నొకటి పట్టిస్తాయి. ఒకదాన్ని మార్చి రాస్తే మిగతావి సరిపోవు. ఇందులో మీ ఫార్ములా రహస్యాలేవీ బయటపడవు. మీ పోటీదారుకు కూడా పనికొచ్చే సమాచారం కాదు అది. పనికొచ్చేది మాకే.

పంచాయతీలు ఉన్న చోట గ్రామసభలో, మున్సిపాలిటీలో కలిసిపోయిన చోట వార్డు సభలో ఈ కాగితం ఒక్కటి, తెలుగులో, చదివి వినిపించండి. అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ప్లాంట్ మేనేజర్ స్వయంగా రావాలి. పీఆర్ ఆఫీసరును పంపొద్దు. మా ఊళ్లలో ఇప్పుడు ఇంటికొకరు కెమిస్ట్రీ చదివినవాళ్లు ఉన్నారు. లెక్క మాకు అర్థమవుతుంది.

ఇంకో మాట, ఇది యాంటీబయాటిక్స్ తయారుచేసేవాళ్లకు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నిబంధనలు తెచ్చింది. 121 యాంటీబయాటిక్స్‌కు, మురుగులో ఏది ఎంతకు మించకూడదో అంకెలు పెట్టింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ అంకెలు లేవు. ఆ రోజు పేపర్ చదివి నేను చాలా బాధపడ్డాను. చట్టంలో లేదు కాబట్టి మాకు బాధ్యత లేదు అనుకోకండి. అంతర్జాతీయంగా మందుల కంపెనీలే కూటమి కట్టి 2022లో యాంటీబయాటిక్స్ తయారీకి ఒక ప్రమాణం రాసుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆ కూటమి పెట్టుకున్న సురక్షిత హద్దు నదినీటిలో లీటరుకు 0.06 మైక్రోగ్రాములు. 2007లో ఇక్కడ కనపడింది 31,000 మైక్రోగ్రాములు. అప్పటికీ ఇప్పటికీ మీరు ఎంత మారారో నిరూపించుకునే అవకాశం మీ చేతిలోనే ఉంది. వాగులో మూడు చోట్ల, మీకు ఎగువన, మీ దగ్గర, మీకు దిగువన, నీటి శాంపిల్ తీయించి ఫలితం బయటపెట్టండి. శాంపిల్ తీసేటప్పుడు ఊరివాళ్లు ఇద్దరు పక్కన ఉండాలి.

ఖర్చు ఎవరు భరిస్తారని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. చిన్న యూనిట్లకు మార్జిన్ ఎంత తక్కువో నాకు తెలుసు. చైనా ధర చూపించి కొనేవాడు కిలోకు రెండు డాలర్లు తగ్గించమంటే, ఆ రెండు డాలర్లు ఎవాపరేటర్ స్టీమ్ నుంచే కోస్తారని కూడా తెలుసు. అలా తగ్గిన ధర మాయమైపోదు. మా నాయన మూడెకరాల మీద పడింది. బోరు నీళ్లు తాగలేక నెల నెలా క్యాన్లు కొనే ఇళ్ల మీద పడుతోంది. పాశ్చాత్య దేశాల్లో చౌక మాత్ర కొనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మీరందరూ కలిసి వాళ్లకు చెప్పండి. మురుగు శుద్ధి ఖర్చు కలిపి ఇదీ ధర అని అందరూ ఒకే మాట మీద ఉంటే కొనేవాడికి ఇంకో దారి తక్కువ. కొట్లాడాల్సింది కొనేవాడితో. వాగుతో కాదు.

తిరుప్పూరు మీ కళ్ల ముందే ఉంది. అద్దకం యూనిట్ల రంగునీళ్లతో నొయ్యల్ నది పాడైంది. సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ రసాయనాల చెరువైంది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల యూనిట్లను ఒక్కసారిగా మూయించింది. బనియన్ల వ్యాపారం అంతటితో పోతుందన్నారు. పోలేదు. ప్రభుత్వం అప్పు ఇచ్చింది, ఉమ్మడి శుద్ధి కేంద్రాలు నీటినీ ఉప్పునూ తిరిగి అద్దకానికే వాడటం నేర్చుకున్నాయి. అక్కడ ఇబ్బందులన్నీ తీరిపోయాయని నేను అనడం లేదు. ఒరత్తుపాళయం రైతులను అడిగితే వేరే కథ చెప్తారు. కానీ కోర్టు గేటుకు తాళం వేసేదాకా ఆగాల్సిన అవసరం మీకెందుకు?

అసలు వ్యర్థం పుట్టకముందే తగ్గించడం ఇంకా మేలు. కిలో మందు తయారుచేస్తే 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం వస్తుందని రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లోనే లెక్కగట్టి చూపించారు. మన ఇళ్లలో నొప్పులకు వేసుకునే ఇబుప్రోఫెన్‌నే తీసుకోండి. పాత పద్ధతిలో ఆరు దశలు, వాడిన పదార్థంలో 40 శాతమే మందులోకి చేరేది. 1990ల మొదట్లో వచ్చిన కొత్త పద్ధతిలో మూడు దశలే, 77 శాతం చేరుతుంది. మన యూనిట్లలో అలా తిరగరాయగల ప్రాసెస్‌లు చాలా ఉన్నాయి. ఆర్ అండ్ డీలో కూర్చున్న మన పిల్లలకు చేతనవుతుంది కూడా. వాళ్లకు ఈల్డ్ (చేతికొచ్చే సరుకు) పెంచితే బోనస్ ఇస్తారు. వ్యర్థం తగ్గించినవాళ్లకు కూడా ఇవ్వండి.

కార్మికుల గురించి రాయకుండా ముగించలేను. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. వాళ్ల ఇళ్లవాళ్లు గేటు బయట, ఆస్పత్రి బయట ఫొటోలు పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డారు. రియాక్టర్‌లో వేసే ప్రతి కిలో పదార్థానికీ బ్యాచ్ నంబరు ఉంటుంది. షిఫ్టులో లోపల ఉన్న ప్రతి మనిషి పేరు, ఊరు, ఫోన్ నంబరు, కాంట్రాక్టు లేబర్‌తో సహా, రాసిన జాబితా కాపీ ఒకటి గేటు బయట కూడా ఉండాలి. పక్క ఊళ్లవాళ్లకు మీరు ఏ రసాయనం ఎంత నిల్వ పెట్టారో, సైరన్ మోగితే ఏ వైపు పరిగెత్తాలో తెలిసి ఉండాలి. నేను లోపల చేసిన మాక్ డ్రిల్స్‌లో ఒక్కదానికి కూడా బయటివాళ్లను పిలవలేదు.

మీలో కొందరు ఇక్కడ ఇబ్బందిగా ఉంది, వేరే చోటికి పోదాం అనుకుంటున్నారని విన్నాను. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్క్ వస్తోంది. అక్కడి మత్స్యకారులు సముద్రం పాడవుతుందని ఇప్పటికే రోడ్డెక్కారు. మమ్మల్ని చూసే వాళ్లు భయపడుతున్నారు. ఫార్మా కంపెనీల కోసం భూములు అడిగిన వికారాబాద్ జిల్లా లగచర్లలో రైతుల కోపం వెనక కూడా భూమి పోతుందన్న బాధతో పాటు పటాన్‌చెరు పేరు ఉంది. మీరు ఎక్కడికి వెళ్లినా ముందు అక్కడివాళ్లు నక్కవాగు గురించే అడుగుతారు. ఇక్కడ లెక్క చూపించి ఉంటే, అక్కడ చూపించడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

రాత్రిళ్లు ట్యాంకర్ తెచ్చి కుంటల్లో వదిలే డ్రైవర్లు మా ఊళ్ల పిల్లలే అని మీరు అనవచ్చు. అవును, కొందరు మావాళ్లే. ట్రిప్పుకు ఇచ్చే డబ్బుకు ఆశపడి చేస్తున్నారు. వాళ్లతో నేను మాట్లాడుతున్నాను. ఆ డబ్బు ఎవరు ఇస్తున్నారో వాళ్లతో మీరు మాట్లాడండి.

వచ్చే గ్రామసభకు ఒక్క ఫ్యాక్టరీ వచ్చినా చాలు. గత మూడు నెలల బొగ్గు బిల్లులు, వేబ్రిడ్జి చీటీలు, సాల్వెంట్ రికార్డు తెచ్చి మా ముందు పెట్టండి. లెక్క సరిపోతే ఆ మాట అదే సభలో మైకులో నేనే చెప్తాను, ఊరి తరఫున దండ వేస్తాం. సరిపోకపోతే ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని వెతుకుదాం. షిఫ్ట్ కెమిస్టుగా ఆ పని నాకు బాగా వచ్చు. సభ అయ్యాక మా పొలానికి కూడా రండి. పాత బావి ఇంకా ఉంది, టీడీఎస్ మీటర్‌కు కొత్త బ్యాటరీ వేసి ఉంచాను.

ఇట్లు,
నక్కవాగు ఒడ్డు రైతు కొడుకు,
రిటైర్డ్ షిఫ్ట్ కెమిస్ట్